గడువు తేదీని గుర్తు పెట్టుకుందాం

మన పత్తి, మిరప పల్లెల్లో అప్పు లేని సేద్యం అరుదు. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు ముందుగా కొనాలి. డబ్బు పంట అమ్మాకే వస్తుంది. కాబట్టి అప్పు చేయడం తప్పు కాదు. గడువు మరచిపోవడమే మన కుటుంబాలను కుంగదీస్తున్నది.

1998లో మొదలైన కిసాన్ క్రెడిట్ కార్డు సంగతే చూద్దాం. 3 లక్షల రూపాయల వరకు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కట్టినవారికి కేంద్ర ప్రభుత్వం 3 శాతం రాయితీ ఇస్తుంది. ఈ ఏర్పాటును 2025-26కు కూడా కొనసాగించారు. అంటే లక్ష రూపాయలకు ఏడాదికి 4,000 వడ్డీ. గడువు తప్పితే 7,000. ఆ తరువాత బ్యాంకు మామూలు వడ్డీ మొదలవుతుంది. పోయిన 3,000కు జరిమానా అనే పేరు లేదు. అయినా మన చేతినుండి పోయేది జరిమానాయే.

గుంటూరు కోల్డ్ స్టోరేజీలలో మిరప టిక్కీలు దాచి, ధరకోసం ఎదురుచూసేవారు చాలామంది. ధర పెరగవచ్చు, పడిపోవచ్చు. గడువు మాత్రం ఆగదు. అప్పుకు సరిపడా టిక్కీలు ముందు అమ్మి, మిగిలినవి ఉంచుకోవడం క్షేమం. రుణం తిరగరాయించడానికి బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చేవారు, అది ఏడాదికి 24 శాతమని మరువకూడదు.

బ్యాంకులు కూడా ఇష్టం వచ్చినట్టు జరిమానా వేయరాదు. జరిమానాను వడ్డీ రేటులో కలపరాదనీ, దానిమీద మళ్లీ వడ్డీ వేయరాదనీ రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది.

పట్నంలో ఉద్యోగాలు చేసే మన పిల్లల చేతుల్లో మరో రకం క్రెడిట్ కార్డు ఉంటుంది. దాని బిల్లులో "కనీస మొత్తం" అని ఒక అంకె చూపుతారు. అంతవరకే కడితే ఆలస్య రుసుము తప్పుతుంది గాని, మిగిలిన బాకీమీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. పూర్తిగా కట్టడమే మంచిదని వారికి చెప్పండి.

ఈ నెలలోనే మీ పాసుపుస్తకం తీసి, గడువు తేదీని క్యాలెండరుమీద రాయండి. ఇల్లాలికీ, ఎదిగిన పిల్లలకూ తెలియజేయండి. కట్టిన ప్రతిసారి రసీదు దాచండి. వానకో, తెగులుకో పంట పోతే ముఖం చాటేయకుండా, గడువుకు ముందే మేనేజరుగారిని కలిసి వాయిదా పొడిగింపు గురించి అడగండి. అడగడంలో అవమానమేమీ లేదు. ఇంట్లో అందరికీ తెలిసిన అప్పు సగం తీరినట్టే.