సున్న నిండిపోయింది!

మన్నెగూడలో మా రాత్రి బడికి ఒక అక్క వస్తుంది. మొదట్లో పలక మీద సున్న చుట్టడానికి ఆమెకు నాలుగు రోజులు పట్టింది. ఇప్పుడు తన పేరు తానే రాస్తుంది. ఆ పేరులో ఒక సున్న ఉంది. ఈ ముచ్చట ఆ సున్న గురించే.

ఒకరోజు అందరం సంచుల మీద పేర్లు వేద్దాం అనుకున్నాం. అవి పాత చీర ముక్కలతో కుట్టిన సంచులు. అంగడికి పోయేటప్పుడు చేతిలో మన పేరున్న సంచి ఉంటే ఎంత బాగుంటుంది!

ముందు అట్ట మీద పేరు లావుగా రాశాం. రాసిన మేరకు బ్లేడుతో కోశాం. ఆ అట్టను సంచి మీద పెట్టి, కోసిన సందుల్లో రంగు అద్దాలి. అట్ట తీస్తే సంచి మీద పేరు పడుతుంది. ఇట్లా కోసిన అట్టను స్టెన్సిల్ అంటారు.

స్టెన్సిల్ మనకు కొత్తదేమీ కాదు. సంక్రాంతికి ముగ్గు వేయడానికి చిల్లుల రేకు కొంటాం కదా! అదీ స్టెన్సిలే. పిండి చిల్లుల్లోంచి రాలి ముగ్గు పడుతుంది.

ఆ అక్క సున్నను జాగ్రత్తగా కోసింది. కోయగానే లోపలి గుండ్రటి ముక్క ఊడి కింద పడింది. ఆమె చూసుకోలేదు. రంగు అద్దింది. అట్ట తీస్తే ఏముంది? సున్న లోపలంతా రంగు నిండిపోయింది. సున్న కాస్తా బిళ్ళ అయింది.

"నా పేరే ఖరాబైంది టీచరమ్మా" అన్నది.

"పోనీలే అక్కా, అది పక్కన పడేయి. ఇంకోటి చేద్దాం" అన్నాను నేను.

మంచి మాటే చెప్పాననుకున్నాను. కానీ ఆమె ముఖం చిన్నబోయింది. మూడు రోజులు బడికి రాలేదు.

తప్పు ఎవరిది? నాదే. ముక్క ఎందుకు ఊడిందో నేను ముందుగా చెప్పలేదు. పైగా ఆమె పేరును పక్కన పడేయమన్నాను. ఎన్నో రాత్రులు కష్టపడి నేర్చుకున్న పేరు అది!

ముక్క ఎందుకు ఊడింది?

సున్న చుట్టూ కోస్తే లోపలి ముక్కకు పట్టు ఉండదు. అందుకే రాలిపోతుంది. ర, వ, ఠ వంటి అక్షరాలకూ ఇదే ఇబ్బంది. అందుకని రెండు చోట్ల సన్నటి పట్టీ కోయకుండా వదలాలి. వాగు మీద వంతెన ఉన్నట్టు ఆ పట్టీ లోపలి ముక్కను పట్టుకుని ఉంటుంది. గోనె బస్తాల మీద, లారీల మీద కొన్ని అక్షరాలు మధ్యలో తెగినట్టు కనిపిస్తాయి. ఎందుకో ఇప్పుడు తెలిసిందా? అవి స్టెన్సిల్‌తో వేసినవి. తెగిన చోటే వంతెన.

నాలుగో రోజు ఆ అక్క వచ్చింది. సంచి తెచ్చింది. నిండిపోయిన సున్న మీద తెల్ల గుండీ కుట్టింది. చుట్టూ రంగు, నడుమ తెల్ల గుండీ. చూస్తే అచ్చం సున్నే!

ఊడిపడిన ముక్కనూ ఆమె పారేయలేదు. దాన్ని సంచి అడుగున పెట్టి చుట్టూ రంగు అద్దింది. ముక్క తీస్తే, రంగు మధ్యలో తెల్లటి చందమామ! అట్లా వరుసగా ఏడు వేసింది. ఆ రోజు నుంచి అందరికీ అట్లాంటి సంచే కావాలి.

నేను నేర్పింది ఒక్క పద్ధతి. తప్పు పోయినందుకు ఆమెకు రెండు పద్ధతులు వచ్చాయి. సందులో రంగు వేయడం ఒకటి. ముక్క పెట్టి చుట్టూ రంగు వేయడం ఇంకొకటి.

ఈ రెండో పద్ధతి చాలా పాతది. ఇండోనేషియా దేశంలో సులవేసి అనే దీవి ఉంది. అక్కడి గుహల్లో ఆదిమానవులు చేయి గోడకు ఆనించి చుట్టూ రంగు చల్లారు. చేయి తీస్తే దాని ఆకారం మిగిలింది. అట్లాంటి ఒక చేతి గుర్తు వయసు కనీసం 39,900 ఏళ్ళని శాస్త్రవేత్తలు 2014లో ప్రకటించారు. అంటే దాదాపు 40 వేల ఏళ్ళు! అప్పటికి అక్షరాలే లేవు.

అంత దూరం ఎందుకు? మన ఇళ్ళలోనే చూద్దాం. బతుకమ్మ పేరుస్తుంటే గునుగు పువ్వు తక్కువైతే ఏం చేస్తాం? పండుగ మానుకుంటామా? ఇంకో పువ్వు పెడతాం. నడుమ ఆకులు నింపుతాం. చీర చినిగితే బొంత కుడతాం. ఎర్ర ముక్క పక్కన పచ్చ ముక్క వేస్తాం. దొరికిన వాటిని కలిపి అందం తేవడం మన చేతులకు ఎప్పటినుంచో తెలుసు. గుండీలు, పూసలు, దారాలు, పాత పెండ్లి పత్రికలు, ఇట్లా రకరకాలవి కలిపి చేసే పనిని ఇప్పుడు పట్నంలో డబ్బు కట్టి నేర్చుకుంటున్నారు!

పోచంపల్లి చీర చూడండి. పోచంపల్లి మనకు దగ్గరే. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. అక్కడ నూలును ముందే ముడులు కట్టి రంగులో ముంచుతారు. ముడి ఉన్న చోట రంగు ఎక్కదు. ఆ తర్వాతే నేస్తారు. నేసేటప్పుడు పోగులు వెంట్రుకవాసి జరుగుతాయి. అందుకే పువ్వు అంచు గీత గీసినట్టు ఉండదు. ఈకలాగా కొంచెం చెదిరి ఉంటుంది. ఆ చెదురే దాని అందం. అది చేతి పనికి గుర్తు. అచ్చు వేసిన నకలు చీరను తిరగేస్తే వెనక రంగు వెలిసినట్టు ఉంటుంది. అసలు చీరకు రెండు పక్కలా రంగు ఒకే తీరుగా ఉంటుంది. కొనేటప్పుడు తిరగేసి చూడండి.

అయితే ఒక మాట. అన్ని తప్పులూ ఒకటి కావు. మందు చీటీ, బ్యాంకు కాగితం తప్పు చదివితే నష్టం. అక్కడ రెండుసార్లు చూసుకోవాలి. అట్ట మీద, సంచి మీద తప్పు పోతే ఏం పోతుంది? జానెడు గుడ్డ. అందుకే ఇక్కడ భయం లేకుండా ఆడుకోవచ్చు.

మీరూ చేసి చూడండి

1. పాత ఎక్స్‌రే షీటు గాని, పెండ్లి పత్రిక గాని తీసుకోండి. ఆకో, పిట్టో గీసి కోయండి. బ్లేడు పిల్లలకు అందనీయకండి.

2. స్పాంజి ముక్కను గుడ్డల మీద వేసే రంగులో ముంచండి. ఎక్కువైన రంగు కాగితానికి తుడిచేయండి. పైనుంచి మెల్లగా అద్దండి. రుద్దవద్దు.

3. రంగు అట్ట కిందికి పాకిందా? రంగు పలచనైంది, లేదా ఎక్కువైంది. ఈసారి తగ్గించండి. పాకిన చోట ఒక ఆకు గీయండి.

4. అట్ట జరిగి రెండు పిట్టలు పడ్డాయా? ఒకటి తల్లి, ఒకటి పిల్ల అనుకోండి.

5. మరక పడిందా? దాని మీద గుండీ కుట్టండి. అద్దం బిళ్ళో, చీర ముక్కో కుట్టినా సరే.

రంగును నోటితో ఊదవద్దు. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఆ అక్క ఇప్పుడు ప్రతి అంగడికీ ఆ సంచే తీసుకుపోతుంది. మొన్న కూరగాయల దగ్గర ఎవరో అడిగారట, "ఈ గుండీ ఏంది?" అని.

"అది సున్న. నా పేరుల ఉంటది" అని చదివి చూపించిందట.

మీ సంచి మీద ఏ అక్షరం వేస్తారు? అందులో వంతెన ఎక్కడ వదలాలి? మీ పక్కన కూర్చున్న వదినతో మాట్లాడి, ఇద్దరూ కలిసి గీయండి.