మామిడి తోటల్లో హైడ్రాలిక్ లిఫ్ట్ వేదిక: టెలిస్కోపిక్ మాస్ట్ సర్దుబాటు, నిర్వహణ

మామిడి కాయను తొడిమతో కోసి, నేలకు తగలకుండా దించితే సొన మచ్చలు, దెబ్బలు తగ్గుతాయి. మహబూబాబాద్ జిల్లా గార్ల ప్రాంతంలోని ముదురు తోటల్లో ఎత్తైన కొమ్మలను చేరడానికి చెట్టెక్కడం లేదా చిక్కం కట్టిన గడను వాడడం పరిపాటి. కోతకూ, కొమ్మల కత్తిరింపుకూ ట్రాక్టరుతో నడిచే హైడ్రాలిక్ లిఫ్ట్ వేదిక మేలైన ప్రత్యామ్నాయం. అయితే ఆరు మీటర్ల ఎత్తున నిలిచిన కూలీ భద్రత కింది భాగంలోని కొన్ని మిల్లీమీటర్ల సందుపై ఆధారపడి ఉంటుంది. దానిని ఏ క్రమంలో సరిచూడాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

నిర్మాణం

మాస్ట్‌లో ఉక్కు భాగాలు ఒకదానిలో ఒకటి ఒదిగి ఉంటాయి. సిలిండర్ ఒక భాగాన్ని ఎత్తితే, గొలుసులు తరువాతి భాగాన్ని పైకి లాగుతాయి. భాగాల నడుమ నైలాన్ ప్యాడ్లు ఒరిపిడిని తగ్గించి, భాగాలను నిటారుగా నిలుపుతాయి.

మొదట నేల మట్టం

యంత్రం 3 డిగ్రీలు ఒరిగితే, 6 మీటర్ల ఎత్తున వేదిక సుమారు 31 సెం.మీ. పక్కకు జరుగుతుంది. కనుక పాదుల గట్లు, కాలువలు తప్పించి యంత్రాన్ని నిలిపి, ఊతకాళ్ల కింద వెడల్పాటి చెక్కపలకలు వేసి, రసమట్టంతో రెండు దిశల్లో సరిచూడాలి. నేల సరికాకుండా ప్యాడ్లను బిగిస్తే అసలు లోపం మరుగున పడుతుంది.

ప్యాడ్ల సర్దుబాటు

మూడు భాగాల మాస్ట్‌లో ఒక్కో అతుకు వద్ద భాగాలు 50 సెం.మీ. మేర ఒదిగి ఉన్నాయనుకుందాం. ప్యాడ్లు అరిగి మొత్తం సందు 3 మి.మీ. అయితే, ప్రతి మీటరుకు 6 మి.మీ. వాలు ఏర్పడుతుంది. కదిలే రెండు భాగాలు చెరి 2 మీటర్లు పైకి వెళ్తే, కింది అతుకు వల్ల 24, పై అతుకు వల్ల 12, వెరసి 36 మి.మీ. కదలిక వేదిక వద్ద కనిపిస్తుంది.

సందు మరీ తగ్గినా ప్రమాదమే. దిగే సమయంలో భాగం బిగుసుకుంటే గొలుసు వదులవుతుంది. ఆ బిగువు ఒక్కసారిగా విడితే వేదిక కుదుపుతో జారుతుంది. అందువల్ల మాస్ట్‌ను పూర్తిగా దించి, ఫీలర్ గేజితో సందు కొలిచి, తయారీదారు సూచించిన మేరకు రెండు వైపులా సమానంగా షిమ్‌లు వేయాలి.

గొలుసులు

జంట గొలుసుల బిగువు సమానంగా ఉండాలి. పొడవు 3 శాతం పెరిగితే గొలుసును మార్చాలి. ఉదాహరణకు 15.875 మి.మీ. పిచ్ గల గొలుసులో 20 పిచ్‌ల పొడవు 317.5 మి.మీ.; అది 327 మి.మీ.కు చేరితే గొలుసు మార్పు తప్పనిసరి. అరిగిన లంకెను మాత్రమే మార్చి అతకరాదు. పిన్నుల లోపలికి చేరే పలుచని నూనెను వాడాలి. పైపైన పూసిన గ్రీజు చల్కా నేలల దుమ్మును పట్టి ఉంచుతుంది.

హైడ్రాలిక్ వ్యవస్థ

మనిషికి బదులు ఇసుక బస్తాలతో నిర్దేశిత బరువును వేదికపై ఉంచి, సగం ఎత్తుకు లేపి, ఇంజను ఆపి, 10 నిమిషాల తరువాత ఎంత దిగిందో కొలవాలి. పరిమితికి మించి దిగితే సిలిండర్ సీళ్లను, లాక్ వాల్వును పరీక్షించాలి. వేదిక నెమ్మదిగా లేస్తోందని రిలీఫ్ వాల్వు పీడనాన్ని పెంచడం తగదు. ముందుగా నూనె మట్టాన్ని, ఫిల్టరును, ప్యాడ్ల బిగువును చూడాలి. నూనె కారే చోటును చేతితో వెతకరాదు. సన్నని నూనె ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు, అట్టముక్కను వాడాలి. లేపిన మాస్ట్ కింద పని చేయవలసి వస్తే, ముందుగా యాంత్రిక ఊతం తప్పక అమర్చాలి.

ముగింపు

నేల, ప్యాడ్లు, గొలుసులు, నూనె అనే ఈ క్రమంలో కోతకాలానికి ముందు, అంటే మార్చిలోనే, తనిఖీ ముగించాలి. విస్తరణ శాస్త్రవేత్తలు యంత్ర ప్రదర్శనల్లో వేదికను ఎత్తి చూపడంతో ఆగక, ఈ కొలతలను రైతుల చేత, ఆపరేటర్ల చేత స్వయంగా తీయించాలి. ప్రతి యంత్రానికి ఒక కొలతల పుస్తకం ఉంటే, అరుగుదల ప్రమాదంగా మారకముందే అందులో కనిపిస్తుంది.