రానివానికై నిరీక్షణము

నిరీక్షణము మన సాహిత్యమునకు కొత్త వస్తువు కాదు. శబరి శ్రీరాముని రాకకై యేండ్ల తరబడి ఎదురుచూచెను. ఆ ముదిమి కడపట ఫలించెను. మన లాక్షణికులు చెప్పిన అష్టవిధ నాయికలలో ఇరువురికి ఎదురుచూపే లక్షణము. వాసకసజ్జిక పడకటిల్లు సింగారించి నాథునికై వేచియుండును. విరహోత్కంఠిత అతడు రాకపోవుటకు హేతువేమో యని తల్లడిల్లును. అయినను వీరందరికిని ఒక భాగ్యము కలదు. ఎవరికై వేచియున్నారో వీరికి తెలియును. రాదగినవాడు ఉన్నాడు, రాక ఆలస్యమైనది, అంతియే.

వచ్చువాడెవడో సరిగా ఎరుగక, వచ్చునో రాడో తెలియక, వేచియుండుట మాత్రము మానలేని మనుష్యుల కథను శామ్యూల్ బెకెట్ నాటకముగా రచించెను. ఐర్లండులో 1906లో పుట్టి ప్యారిసులో స్థిరపడిన ఈ రచయిత, మాతృభాషయగు ఇంగ్లీషును ప్రక్కనబెట్టి, ‘గోడో కొరకు ఎదురుచూపు’ను 1948-49 సంవత్సరములలో ఫ్రెంచిలో వ్రాసెను. 1953 జనవరి 5వ తేదీన ప్యారిసులోని బాబిలోన్ నాటకశాలలో అది మొదటిసారి ప్రదర్శింపబడెను.

కథ నాలుగు మాటలలో ముగియును. ఒక పల్లెబాట, ఒక మోడైన చెట్టు, సాయంసమయము. వ్లాదిమిర్, ఎస్ట్రాగన్ అను ఇద్దరు దిక్కులేనివారు గోడో అనువానికై వేచియుందురు. అతడు రాడు. ఒక బాలుడు వచ్చి, అయ్యగారు నేడు రారనియు, రేపు తప్పక వత్తురనియు చెప్పిపోవును. రెండవ అంకమున మరల అదే బాట, అదే కబురు. కాని కాలము ఊరకుండలేదు. చెట్టుకు నాలుగైదాకులు మొలచినవి. నిన్న సేవకుని మెడకు త్రాడుగట్టి దర్పముగా తోలుకొనివచ్చిన పోజో, నేడు గ్రుడ్డివాడై ఆ త్రాడునే ఆధారముగా బట్టుకొని నడచుచున్నాడు.

గోడో ఎవడు? దైవమనిరి కొందరు; మృత్యువనిరి మరికొందరు. తనకే తెలిసియుండినచో నాటకములోనే చెప్పియుందునని బెకెట్ సమాధానము. అయితే అతని జీవితములో ఒక ఘట్టము గమనింపదగినది. నాజీల ఆక్రమణకాలమున అతడు ఫ్రెంచి ప్రతిఘటనోద్యమమున చేరి, తన దళము బయటపడగా, 1942లో దక్షిణదేశపు రూసియోన్ గ్రామమునకు పారిపోయెను. అచట పొలముపనులు చేయుచు, విముక్తి ఎన్నడు వచ్చునో తెలియక దినములు లెక్కించెను. ‘రేపు’ అను మాట బరువు అతనికి పుస్తకములు నేర్పినది కాదు.

ఈ నాటకము ఎవరికి అర్థమైనదో చూచినచో చిత్రముగా నుండును. 1956లో అమెరికాలోని మయామీ నగరమున దీనిని కడుపుబ్బ నవ్వించు వినోదముగా ప్రకటించి ప్రదర్శింపగా, ప్రేక్షకులలో అనేకులు నడుమనే లేచిపోయిరి. మరుసటి యేడు నవంబరు 19వ తేదీన కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ కారాగారమున సుమారు 1,400 మంది ఖైదీల యెదుట దీనిని ఆడిరి. స్త్రీపాత్రలు లేకపోవుటయే ఈ ఎంపికకు ముఖ్యకారణము. పండితులు తడబడిన చోట ఖైదీలు తడబడలేదు; నిశ్శబ్దముగా కూర్చుండి తుదివరకు చూచిరి. రిక్ క్లూచీ యను ఖైదీ తన గది వెడలుటకు అనుమతి లేక, ధ్వనివర్ధకముద్వారా మాటలు మాత్రమే వినెను. అతడే తరువాత విడుదలయై, బెకెట్ దర్శకత్వముననే నటించెను. 1993లో శత్రుముట్టడిలోనున్న సరయెవో నగరమున సూసన్ సోంటాగ్ కొవ్వొత్తుల వెలుగులో ఈ నాటకపు మొదటి అంకమును ప్రదర్శించెను. ఎదురుచూపే దినచర్యయైన వారికి ఈ నాటకమునకు వ్యాఖ్యానము అక్కరలేదు.

రంగస్థలమునకు ఒక్క చెట్టు చాలును. వెండితెర ఇదే శూన్యమును విశాలము చేసి చూపగలదు. దీనో బుజ్జాతి 1940లో ప్రకటించిన ఇటాలియన్ నవలను వలేరియో జుర్లీని 1976లో ‘తాతారుల ఎడారి’ యను చలనచిత్రముగా తీసెను. ద్రోగో యను యువసైనికాధికారి ఎడారి అంచునగల కోటకు వచ్చి, శత్రువు వచ్చునను ఆశతో యౌవనమంతయు అచటనే వెచ్చించును. కోట దృశ్యములు ఇరానులోని బామ్ దుర్గమున చిత్రింపబడెను. మనుష్యుడు చీమవలె కనిపించు ఆ మట్టిగోడల నడుమ క్రమశిక్షణయే ఒక పిచ్చిగా తోచును. కడకు శత్రువు వచ్చును. కాని అప్పటికి ద్రోగో రోగగ్రస్తుడు. అతనిని బండిలో వెనుకకు పంపివేయుదురు. గోడో రాకపోవుట ఒక విషాదము. రావలసినది వచ్చునప్పటికి వేచినవాడు మిగులకపోవుట అంతకు మించిన విషాదము. ఆ దుర్గము సైతము 2003 నాటి భూకంపమున కూలిపోయెను.

ఈ రెండు కృతులకును ఒక భేదము కలదు. ద్రోగో ఒంటరివాడు. ఎస్ట్రాగన్‌కు వ్లాదిమిర్ ఉన్నాడు. వారు కలహింతురు, విడిపోవుదమందురు, విడిపోరు. ఒకడు ఆకలియన్నచో రెండవవాడు జేబులోని క్యారట్టు దుంప తీసియిచ్చును. ఒకడు కునుకుతీయగా రెండవవాడు తన కోటు విప్పి కప్పి, తాను చలికి అటునిటు తిరుగును. ఉరివేసికొనదలచి నడుముత్రాటిని లాగి చూతురు; అది తెగును, లాగు జారిపోవును, సభ నవ్వును. మన ఆలంకారికులు హాస్యకరుణములను పరస్పర విరోధులుగా లెక్కించిరి. ఇచట ఆ రెండును ఒకే త్రాటికి వ్రేలాడును.

కావున ఈ నాటకపు ప్రాణము రానివానియందు లేదు, ఉన్నవారియందు కలదు. అర్థరాహిత్యమును చిత్రించిన నాటకమని దీనికి పేరు. అర్థము ఆకాశమునుండి దిగిరాదన్నంతవరకు ఆ పేరు సరియైనదే. కాని నిద్రించువానిపై కప్పిన కోటుకు అర్థము లేదనుట సాధ్యముకాదు. తుదిని ఇద్దరును వెళ్ళుదమనుకొందురు, కదలరు. కదలకపోవుటలో నిరాశ ఉన్నమాట నిజమే. ఒకరినొకరు విడిచి పోకుండుట కూడ అందులోనే ఉన్నది.