పరిమళం వెనిల్లాది.. పుట్టుక కర్మాగారానిది

ఐస్‌క్రీం కప్పు మూత తీయగానే గుప్పుమనే వెనిల్లా పరిమళం కాయ నుంచే వచ్చిందనుకుంటే పొరపాటే. చౌకగా లభించే ఐస్‌క్రీంలు, కేకులు, బిస్కెట్లలో వాడే పరిమళంలో అధికభాగం కర్మాగారాల్లో తయారవుతున్నదే.

కాయ ఖరీదు ఎందుకంటే..
వెనిల్లా ఆర్కిడ్ జాతి తీగ. తోటల్లో ఒక్కో పువ్వుకూ చేతితోనే పరాగ సంపర్కం చేయాలి. కోసిన కాయలను నెలల తరబడి మాగబెట్టి, ఆరబెట్టాలి. అందుకే ధర ఎక్కువ.

తయారీ ఇలా..
కాయలోని ప్రధాన పరిమళ పదార్థం వెనిలిన్. జర్మనీ శాస్త్రవేత్తలు టీమన్, హార్మన్ 1874లో పైన్ చెట్లలో లభించే కోనిఫెరిన్ నుంచి దీనిని కృత్రిమంగా తయారుచేశారు. ప్రస్తుతం పెట్రో రసాయనాల నుంచి లభించే గ్వయకాల్ ప్రధాన ముడిసరుకు. అణు నిర్మాణంలో రెండు వెనిలిన్‌లూ ఒకటే. కాయలోని ఇతర పరిమళ పదార్థాలు మాత్రం కృత్రిమ వెనిలిన్‌లో ఉండవు.

అరటి వాసనకు ఐసోఅమైల్ ఎసిటేట్, అనాస వాసనకు ఇథైల్ బ్యుటిరేట్ వాడతారు. ఆమ్లాన్ని, ఆల్కహాల్‌ను కలిపి చర్య జరిపితే ఇవి ఏర్పడతాయి.

రైతుకు దెబ్బ
2003 ప్రాంతంలో వెనిల్లా ధర ఆకాశాన్నంటడంతో కేరళ, కర్ణాటక రైతులు ఎందరో సాగుకు దిగారు. కొనుగోలుదారులు కృత్రిమ వెనిలిన్ వైపు మళ్లారు. ఇతర దేశాల దిగుబడీ పెరిగింది. కొద్ది కాలానికే ధర కుప్పకూలి రైతులు నష్టపోయారు.

లేబుల్ చూడాలి
కృత్రిమ పరిమళం వాడితే దాని పేరును ప్యాకెట్‌పై ముద్రించాలని ఆహార భద్రత నిబంధనలు చెబుతున్నాయి. పైన పండు బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల పండు ఉన్నట్లు కాదు. పిల్లలకు కొనే ముందు పదార్థాల జాబితా చదవడం మేలు.