విమానాన్ని ఎగరనిచ్చే సంతకం

విమానయానం అనగానే మన పిల్లల మనసులో మెదిలేది పైలట్ రూపమే. కాని మరమ్మతు జరిగిన విమానం ప్రయాణానికి యోగ్యమైనదని లైసెన్సు గల మెయింటెనెన్స్ ఇంజినీరు సంతకం చేసేవరకు ఆ పైలట్ దానిని కదిలించడానికి వీల్లేదు. ఆ సంతకం చేసే అర్హతకు దారి చూపేదే ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్ శిక్షణ. దీనినే క్లుప్తంగా ఏఎంఈ అంటారు. లక్షల రూపాయల రుసుము చెల్లించే ముందు తల్లిదండ్రులు తెలుసుకోవలసిన కొన్ని విషయాలను ఇక్కడ వివరిస్తున్నాము.

సర్టిఫికెట్ వేరు, లైసెన్సు వేరు

కళాశాల ఇచ్చేది కోర్సు పూర్తిచేసినట్లు తెలిపే ధ్రువపత్రం మాత్రమే. లైసెన్సు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ. లైసెన్సులకు కార్-66, శిక్షణ సంస్థల ఆమోదానికి కార్-147 అనే నిబంధనలు వర్తిస్తాయి. ఏరోనాటికల్ ఇంజినీరింగ్‌లో బీటెక్ కూడా మంచి చదువే. కాని ఆ పట్టా ఒక్కటే విమానంపై సంతకం చేసే అధికారాన్ని ఇవ్వదు.

భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలతో ఇంటర్ పూర్తిచేసిన అబ్బాయిలూ అమ్మాయిలూ ఈ శిక్షణలో చేరవచ్చు. ప్రధాన శాఖలు రెండు. బి1 శాఖవారు ఇంజిన్, విమాన దేహం, యాంత్రిక వ్యవస్థలను చూస్తారు. బి2 శాఖవారు విద్యుత్తు, రేడియో, మార్గనిర్దేశక పరికరాలను చూస్తారు. డీజీసీఏ పరీక్షలు మాడ్యూళ్ల వారీగా జరుగుతాయి. ప్రతి మాడ్యూల్‌లోనూ కనీసం 75 శాతం మార్కులు రావాలి. 35 మార్కులతో గట్టెక్కే అలవాటు ఇక్కడ చెల్లదు. ఆమోదిత కోర్సుతోపాటు, నడుస్తున్న విమానాలపై 2 సంవత్సరాల పని అనుభవం కూడా లైసెన్సుకు అవసరం. ఆపైన, ఎయిర్‌బస్ ఏ320 వంటి పెద్ద విమానంపై సంతకం చేయాలంటే ఆ రకం విమానానికి ప్రత్యేక శిక్షణ పొంది, దానిని లైసెన్సులో చేర్పించుకోవాలి.

ఇంత కట్టుదిట్టం ఎందుకు?

1990 జూన్ 10న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుండి స్పెయిన్‌కు బయలుదేరిన ఒక విమానంలో, పైలట్ ముందున్న అద్దం ఆకాశంలోనే ఊడిపోయింది. కెప్టెన్ శరీరం సగం బయటకు లాగబడింది. సిబ్బంది ఆయనను గట్టిగా పట్టుకొని ఉండగా, సహ పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. అందరూ బ్రతికారు. విచారణలో తేలిన కారణం చిన్నదే. అంతకుముందే ఆ అద్దాన్ని మార్చారు. దానికి బిగించిన 90 బోల్టులలో 84 ఉండవలసిన దానికన్నా మిల్లీమీటరు కూడా లేనంత సన్నగా ఉన్నాయి. వాటి సంఖ్యను పుస్తకంలో సరిచూడకుండా కంటి అంచనాతో ఏరుకున్నారు. అలసట, తొందర, అతివిశ్వాసం మనిషి చేత ఎలా తప్పు చేయిస్తాయో బోధించేందుకు నేడు ఏఎంఈలో ఒక ప్రత్యేక మాడ్యూలే ఉంది. ఇంజినీరు సంతకం ప్రయాణికులందరి ప్రాణాలకు సంబంధించిన అమానతు.

చేరేముందు అడగవలసినవి

సంస్థకు కార్-147 ఆమోదం ఇప్పటికీ అమలులో ఉందా? ఏ శాఖకు ఉంది? దీనిని డీజీసీఏ జాబితాతో స్వయంగా సరిపోల్చుకోవాలి. నడుస్తున్న విమానాలపై అనుభవం ఎక్కడ ఇప్పిస్తారు? ఆ హామీని వ్రాతపూర్వకంగా ఇస్తారా? గత సంవత్సరాల విద్యార్థులలో ఎందరు లైసెన్సు పొందారు? వీలైతే వారిలో ఒకరిద్దరితో మాట్లాడండి.

మన శంషాబాద్‌లోనే జీఎంఆర్ ఏరో టెక్నిక్ వంటి పెద్ద మరమ్మతు కేంద్రం ఉంది. గల్ఫ్ ఉద్యోగాన్ని ఆశించేవారు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఏ దేశపు లైసెన్సు నిబంధనలు ఆ దేశానివే. మన లైసెన్సు అక్కడ దానంతటదే చెల్లదు.

ఈ వృత్తిలో రాత్రి విధులుంటాయి. ఈద్ రోజున కూడా హ్యాంగర్‌కు వెళ్లవలసి రావచ్చు. లైసెన్సు చేతికి రావడానికి కోర్సు తరువాత కూడా ఓపిక పట్టాలి. పిల్లవాడికి యంత్రాలపై ఆసక్తి, ఇంగ్లీషు మాన్యువల్‌ను అక్షరం పొల్లుపోకుండా చదివే ఓర్పు ఉన్నాయో లేదో ముందు చూడండి. అవి లేనప్పుడు కేవలం ప్రకటన చూసి వడ్డీ అప్పుతో చేర్పించడం ఆ కుటుంబానికీ, రేపు ఆ విమానం ఎక్కేవారికీ మేలు కాదు.