జుట్టు మీద చెయ్యి: అడగకుండా ముట్టుకుంటే ఏం చెయ్యాలి?

ఈ వారం ఎపిసోడ్‌లో టైమ్ సరిపోక సగంలో ఆపేసిన విషయం ఇక్కడ పూర్తి చేస్తున్నా. మన జుట్టు మీద పక్కవాళ్ల చెయ్యి, పక్కవాళ్ల జుట్టు మీద మన చెయ్యి: ఈ రెండింటి గురించీ మాట్లాడుకోవాలి.

కిచెనర్‌లో వేర్‌హౌస్‌ల్లో, ఫ్యాక్టరీ లైన్ మీద చేసేవాళ్లకి ఇది కొత్త కాదు. ఒకే షిఫ్ట్‌లో సోమాలియా, జమైకా, పంజాబ్, కేరళ, మన గుంటూరు, కరీంనగర్ వాళ్లందరూ ఉంటారు. ఒకసారి బ్రేక్ రూమ్‌లో ఒకావిడ వెనకనుంచి నా జడ చేత్తో ఎత్తి, "నిజంగా నీదేనా?" అని అడిగింది. చెడు ఉద్దేశం లేదని తెలుస్తూనే ఉంది, అయినా ఒళ్లు బిగుసుకుపోయింది. కొన్నాళ్లకి మన తెలుగమ్మాయే ఒకామె, పక్కన పనిచేసే నల్లజాతి అమ్మాయి సన్న జడలని వేళ్లతో నిమిరి, "ఎలా అల్లుకుంటారు?" అంది. ఆ అమ్మాయి నవ్వలేదు, తల పక్కకి తీసేసుకుంది.

మన ఊళ్లో ముట్టుకోవడం ప్రేమకి గుర్తు. అమ్మమ్మ నూనె రాస్తుంది, పక్కింటి పిన్ని జడ వేస్తుంది, ఎవరూ అడగరు. కానీ మనకీ హద్దుంది. ద్రౌపదికి జరిగిన అవమానం జుట్టు పట్టుకుని సభకి ఈడ్చడంతోనే మొదలైంది. "అందితే జుట్టు, అందకపోతే కాళ్లు" అనే సామెతలో కూడా జుట్టు పట్టుకోవడమంటే పెత్తనమే. అయినవాళ్లు ముట్టుకుంటే ఆప్యాయత, పరాయివాళ్లు ముట్టుకుంటే అవమానం. ఈ తేడా మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడ మర్చిపోయేది ఒక్కటే: పక్క లైన్‌లో ఉన్నావిడకి మనం పరాయివాళ్లమే.

నల్లజాతి వాళ్లకి ఇది ఇంకా లోతైన సంగతి. బానిసత్వం రోజుల్లో వాళ్లని సంతలో నిలబెట్టి, ఒళ్లంతా తడిమి చూసి కొనేవారు. లూసియానాలో 1786లో, నల్లజాతి స్త్రీలు జుట్టు గుడ్డతో కప్పుకోవాలని గవర్నర్ ఉత్తర్వే ఇచ్చాడు. ఈ కాలంలోనూ ఆ జుట్టు వల్ల ఉద్యోగాల్లో, బడుల్లో వివక్ష ఎదురవుతోందనే 2019లో కాలిఫోర్నియా దాని మీద ప్రత్యేకంగా చట్టం చేసింది. గాయని సొలాంజ్ 2016లో పాడిన ఒక పాట పేరే "డోంట్ టచ్ మై హెయిర్". పైగా ఆ జడలు అల్లడానికి గంటలు పడుతుంది, బోలెడు ఖర్చవుతుంది. మనకి ఒక్క నిమిషం సరదా. వాళ్లకి అది ఎన్నోసారో.

ఇంకో ముచ్చట. తిరుమలలో మనవాళ్లు ఇచ్చే తలనీలాలను దేవస్థానం వేలంలో అమ్ముతుంది. అవి విగ్గులై, జుట్టులో కలిపి కుట్టుకునే సవరాలై దేశదేశాలకీ వెళ్తాయి. అమెరికన్ కమెడియన్ క్రిస్ రాక్ 2009 డాక్యుమెంటరీ "గుడ్ హెయిర్"లో ఈ వ్యాపారాన్ని చూపించాడు. మొక్కుకుని ఇష్టంగా ఇచ్చేది వేరు, అడక్కుండా చెయ్యి వెయ్యడం వేరు. సిక్కుల విషయంలోనూ అంతే: వాళ్లకి కేశాలు మతనియమం, తలపాగా మీద చెయ్యి వెయ్యడం పెద్ద తప్పు.

మరి ఆసక్తి ఉంటే? మెచ్చుకోండి, అక్కడితో ఆపండి. "యువర్ హెయిర్ లుక్స్ బ్యూటిఫుల్" చాలు. "ముట్టుకోవచ్చా?" అని అడగడం కూడా ఎదుటివాళ్లని ఇరకాటంలో పెడుతుంది, నలుగురి ముందు కాదనలేరు. స్నేహం కుదిరితే వాళ్లే చెప్తారు. పీఎస్‌డబ్ల్యూగా చేసేవాళ్లకి జుట్టు దువ్వడం పనిలో భాగమే, అయినా ప్రతిసారీ ముందు చెప్పి, సరే అన్నాకే దువ్వెన పట్టండి.

మన జుట్టే ముట్టుకుంటే, ఒక అడుగు వెనక్కి వేసి, "ప్లీజ్ డోంట్ టచ్ మై హెయిర్" అనండి. సారీ చెప్పక్కర్లేదు, నవ్వక్కర్లేదు. నవ్వితే ఒప్పుకున్నారనుకుంటారు. ఇలా నోరు తెరిచి చెప్పడానికి చట్టంలోనూ విలువుంది. ఒంటారియో ఆక్యుపేషనల్ హెల్త్ అండ్ సేఫ్టీ యాక్ట్ ప్రకారం, ఎదుటివాళ్లకి ఇష్టం లేదని తెలిసీ, లేదా తెలిసి ఉండాల్సినా, ఇబ్బంది పెడుతూ పోవడం వేధింపు. మీరు ఒక్కసారి స్పష్టంగా చెప్పాక "నాకు తెలీదు" అనే మాట నిలబడదు.

మళ్లీ చేస్తే తేదీ, టైమ్, పక్కన ఎవరున్నారో ఫోన్‌లో రాసిపెట్టుకోండి. సూపర్‌వైజర్‌కి మెసేజ్‌లోనో ఈమెయిల్‌లోనో చెప్పండి, రుజువుంటుంది. చేసేది సూపర్‌వైజరే అయితే, ఇంకెవరికి చెప్పాలో కంపెనీ నిబంధనల్లో ఉండి తీరాలి. ఫిర్యాదు వస్తే విచారణ జరపడం యజమాని బాధ్యత. ఈ చట్టం కింద హక్కు అడిగారని పని తీసెయ్యడం, షిఫ్ట్‌లు తగ్గించడం చట్టవిరుద్ధం. ఏజెన్సీ ద్వారా వెళ్లినవాళ్లకీ ఇది వర్తిస్తుంది.

జాతి, మతం, ఆడమగ తేడా వల్ల జరుగుతోందనిపిస్తే ఒంటారియో హ్యూమన్ రైట్స్ కోడ్ కూడా ఉంది. ట్రిబ్యునల్‌కి మామూలుగా ఏడాదిలోపు అప్లికేషన్ పెట్టాలి. హ్యూమన్ రైట్స్ లీగల్ సపోర్ట్ సెంటర్‌లో సలహా ఉచితం.

పిల్లలకి కూడా రెండు మాటలూ నేర్పండి: "నా జుట్టు ముట్టుకోవద్దు" అని చెప్పడం, ఫ్రెండ్ అదే మాటంటే వెంటనే చెయ్యి తీసెయ్యడం. బంధువుల ఇంట్లో బుగ్గ గిల్లుతుంటే పాప వద్దంటే, "ఫర్వాలేదులే, అత్తే కదా" అనకండి. ఇంట్లో ఆ మాటకి విలువ ఉంటేనే బడిలోనూ ధైర్యంగా అంటుంది.

మీ పనిచోట ఇలాంటిది జరిగితే వాయిస్ మెసేజ్ పెట్టండి. పేరు, కంపెనీ చెప్పక్కర్లేదు.