ఎనిమిది గడుల్లో టైటానిక్

1912 ఏప్రిల్ 15 తెల్లవారుజామున అట్లాంటిక్ మహాసముద్రంలో టైటానిక్ ఓడ మునిగిపోయింది. ఓడలో 2,201 మంది ఉన్నారనీ, వారిలో 711 మంది బతికారనీ ఆ ఏడాదే బ్రిటిష్ విచారణలో లెక్క తేల్చారు. మరి బతికినవారెవరు? డబ్బున్నవారా, ఆడవారా?

మనిషికొక చీటీ రాశామనుకుందాం: ఏ తరగతి, ఆడా మగా, బతికారా లేదా. చీటీలను తరగతివారీగా పోగులు పెడితే, మొదటి తరగతిలో నూటికి 62 మంది, మూడవ తరగతిలో 25 మంది బతికినట్టు తేలుతుంది. ఆడ, మగ పోగులు పెడితే ఆడవారిలో 73, మగవారిలో 21. రెండూ నిజమే. కాని మూడవ తరగతిలోని 706 మందిలో 510 మంది మగవారే! అక్కడ లెక్క తగ్గింది అందుకేనా? ఇది తేలాలంటే రెండు విధాలా ఒకేసారి విడదీయాలి.

అలా విడదీయమని కంప్యూటర్‌ను అడిగితే పోగుకొక వరస చొప్పున ఎనిమిది వరసల జాబితా ఇస్తుంది. తప్పేమీ లేదు గాని, పోల్చి చూడాలంటే కళ్లు పైకీ కిందికీ పరుగెత్తాలి. తరగతులను అడ్డువరసల్లో ఉంచి, ఆడ మగలను నిలువు వరసలుగా తిప్పి చూడండి:

| | ఆడ | మగ |
|---|---|---|
| మొదటి తరగతి | 145లో 141 | 180లో 62 |
| రెండవ తరగతి | 106లో 93 | 179లో 25 |
| మూడవ తరగతి | 196లో 90 | 510లో 88 |
| సిబ్బంది | 23లో 20 | 862లో 192 |

ఇందులో కిటుకు చిన్నదే. 'ఆడ' వరస కోసం కంప్యూటర్ ప్రతి చీటీనీ చూసి, బతికిన ఆడమనిషిదైతే 1, కాకపోతే 0 వేసుకుంటుంది. వాటిని తరగతివారీగా కూడుతుంది. మగవారికీ అంతే. మొత్తం ఎందరున్నారో కూడా ఇలాగే లెక్కిస్తుంది.

ఇప్పుడు చూడండి! మూడవ తరగతి ఆడవారిలో నూటికి 46 మంది బతికితే, మొదటి తరగతి మగవారిలో 34 మందే. అలాగని డబ్బు పని చేయలేదనుకోకండి. ఆడవారిలోనే 97 ఎక్కడ, 46 ఎక్కడ! మగవారు ఎక్కువగా ఉండటం ఒక్కటే కారణం కాదన్నమాట. ఇక అన్నిటికన్నా తక్కువ రెండవ తరగతి మగవారిది: నూటికి 14. ఒంటి పోగుల్లో ఇది కనబడనే కనబడదు.

ఈ పట్టికలో పిల్లలను కూడా ఆడ, మగలలోనే కలిపేశాం. వారికి వేరే నిలువు వరస పెడితే ఒక చిక్కు వస్తుంది. సిబ్బందిలో పిల్లలెవరూ లేరు. కాబట్టి జాబితాలో ఆ వరసే రాదు. పట్టికలో మాత్రం గడి ఖాళీగా మిగులుతుంది. మంది లెక్కయితే అక్కడ 0 వేయవచ్చు. బతికినవారి శాతమైతే గీత గీసి వదిలేయాలి. 'సున్నా శాతం' అని రాస్తే, అక్కడ పిల్లలున్నారనీ, అందరూ మునిగిపోయారనీ అర్థం వస్తుంది.